వణికే చేతులతో ఫోటోలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు డెబ్బై ఒకటి. కుడిచెయ్యి వణకడం మొదలై ఎనిమిదేళ్లయింది. కెమెరా మెడలో వేసుకుని తిరగడం మాత్రం నలభై ఏళ్లనాటి అలవాటు. నా ఈడువాళ్లు ఎక్కడ కలిసినా ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వైద్యం తక్కువ, కెమెరా పని ఎక్కువ.

ఫోటోలు మసకగా వస్తున్నాయి. చెయ్యి వణకడం వల్లేనని ఎలా తెలుసుకోవాలి?

ముందు ఫోటోని కంప్యూటర్‌లో పెద్దది చేసి చూడండి. చెయ్యి అదిరితే ఫ్రేములో ఉన్నవన్నీ ఒకే వైపుకి సాగి కనిపిస్తాయి. దీపంలాంటి చిన్న వెలుగు చుక్క ఉంటే అది చిన్న గీతగానో కొక్కెంలాగానో మారుతుంది. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఇంకోటి లేదు. మనిషి ముఖం మసకగా ఉండి, వెనకున్న గోడ మీది పగుళ్లు స్పష్టంగా కనిపిస్తుంటే అది ఫోకస్ తప్పడం. గోడా కుర్చీలూ అన్నీ బాగుండి, ఊపుతున్న చెయ్యి ఒక్కటే చెరిగిపోతే కదిలింది ఎదుటివాళ్లు, మీరు కాదు.

నేను ఆరు నెలలపాటు నా చేతిని తిట్టుకున్నాను. వ్యూఫైండర్‌లో చూస్తే ఏ ఫోటో అయినా మసకే. చివరికి తేలిందేమిటంటే, వ్యూఫైండర్ పక్కన కంటి పవరుకి తగ్గట్టు తిప్పుకునే చిన్న చక్రం ఒకటి ఉంటుంది చూశారా, సంచిలో రాసుకుని అది పక్కకి తిరిగిపోయింది. ఫోటోలు నిక్షేపంగా ఉన్నాయి, నాకే కనిపించలేదు. ఫోన్ వాడేవాళ్లయితే ముందు లెన్స్ మీద వేలిముద్రలు తుడవండి. సగం కేసులు అక్కడే కొట్టేస్తారు.

వయసొస్తే చేతులు వణకడం మామూలే కదా, డాక్టరుకి చూపించాలా?

ఒక్కసారి చూపించండి. వణుకు అందరికీ ఉంటుంది, పాతికేళ్ల కుర్రాడికి కూడా. సెకనుకి 8 నుంచి 12 సార్లు కదిలే ఆ సన్నటి వణుకు మామూలుగా కంటికి కనిపించదు. కంటికి కనిపిస్తోందంటే దానికేదో కారణం ఉండొచ్చు. థైరాయిడ్ ఎక్కువ పనిచేసినా, ఆస్తమా ఇన్‌హేలర్ వాడినా, లిథియం, వాల్‌ప్రోయేట్ వంటి మందులు వాడినా చేతులు వణుకుతాయి. రక్తంలో చక్కెర పడిపోయినా అంతే. వీటిలో కొన్ని సరిచేసుకోగలిగినవే.

ఫోటోలు తీసేవాళ్లు గమనించుకోవాల్సింది ఇంకోటుంది. చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నప్పుడు వణుకుతోందా, ఏదైనా ఎత్తి పట్టుకున్నప్పుడు వణుకుతోందా? పార్కిన్సన్స్‌లో సాధారణంగా కనిపించేది మొదటి రకం, సెకనుకి 4 నుంచి 6 సార్లు. పని మొదలుపెట్టగానే అది చాలావరకు తగ్గుతుంది. ఎసెన్షియల్ ట్రెమర్ అనేది రెండో రకం. చాలా కుటుంబాల్లో తరాల వెంట వస్తుంది. చెయ్యి ఎత్తి నిలిపినప్పుడే బయటపడుతుంది, అంటే సరిగ్గా మనం కెమెరా కంటి దగ్గర పెట్టుకున్నప్పుడు. నాది ఇదే. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు కెమెరా పట్టుకెళ్లి, ఎలా పట్టుకుంటారో చూపించండి. నోటితో చెప్పడంకన్నా అది నయం.

"ఫలానా ఆయన ప్రోప్రనోలాల్ వేసుకుని తీస్తాడట" అని ఎవరో చెప్పగానే వేసేసుకోకండి. ఎసెన్షియల్ ట్రెమర్‌కి డాక్టర్లు రాసే మందే అది, కాదనను. కానీ గుండె వేగాన్ని తగ్గిస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్లకి ప్రమాదం. కాఫీ సంగతి మాత్రం మీ చేతిలో పనే. నేను ఫోటోలకి వెళ్లే రోజు తాగేసి వెళ్లను, వచ్చాక తాగుతాను.

షట్టర్ స్పీడ్ ఎంత పెడితే అదురు కనిపించదు?

పుస్తకాల్లో ఉండే లెక్క మీకు తెలిసే ఉంటుంది. ఫోకల్ లెంగ్త్ (లెన్స్ మీద మి.మీ.లో రాసి ఉండే అంకె) ఎంతో, షట్టర్ స్పీడ్ సెకనులో అన్నో వంతు. 50 మి.మీ. లెన్స్‌కి 1/50, 200కి 1/200. సెన్సర్ (ఫిల్ము బదులు బొమ్మని పట్టే పలక) చిన్నదైతే ఆ అంకెని క్రాప్ ఫ్యాక్టర్‌తో హెచ్చించాలి. ఏపీఎస్-సీ కెమెరాలకి 1.5 (కానన్‌కి 1.6), మైక్రో ఫోర్ థర్డ్స్‌కి 2. అంటే ఏపీఎస్-సీ మీద 200 మి.మీ. లెన్స్ పెడితే కనీసం 1/300 కావాలి.

ఈ లెక్క గట్టి చెయ్యి ఉన్నవాళ్లది. పైగా ఫోటోని చిన్న కాగితం మీద ప్రింటు వేసుకుని చూసే రోజుల్లో పుట్టింది. మనకిది పనికిరాదు. మన చేతికి మనమే కొలత తీసుకోవాలి. ఈ పేజీలో ఒక్క సంగతే గుర్తుంచుకుంటానంటే, ఇదే గుర్తుంచుకోండి.

గోడకి ఒక న్యూస్‌పేపర్ అంటించండి. వెలుతురు బాగా పడాలి. మూడు మీటర్ల దూరంలో నిలబడండి, దేనికీ ఆనుకోవద్దు. మీరు ఎక్కువగా వాడే లెన్స్ పెట్టండి. జూమ్ అయితే ఒకే చోట ఉంచండి. స్టెబిలైజేషన్ (అదురుని సరిచేసే ఏర్పాటు) రోజూ ఎలా వాడతారో అలాగే ఉండనివ్వండి. షట్టర్ ప్రయారిటీలో (స్పీడ్ మనం పెడితే మిగతాది కెమెరా చూసుకునే మోడ్) 1/15 పెట్టి పది ఫోటోలు తీయండి. ఒక్కో ఫోటోకీ కెమెరా దించి, మళ్లీ ఎత్తి తీయాలి, వరసగా బటన్ నొక్కేస్తే లెక్క రాదు. తర్వాత 1/30 తో పది, 1/60 తో పది, 1/125, 1/250, 1/500. అన్నీ అయ్యాక కంప్యూటర్‌లో పేపరు మీది చిన్న అక్షరాలు చదవగలుగుతున్నారో లేదో చూసి మార్కులు వేయండి. పదిలో ఏడు ఎక్కడ దాటితే అదే మీ నంబరు.

ఒక కాగితం మీద రాసుకోండి. ఇదే పరీక్ష సాయంత్రం, అలసిపోయి ఉన్నప్పుడు, ఇంకోసారి చేయండి. 50 మి.మీ.కి నా నంబరు పొద్దున స్టెబిలైజేషన్‌తో 1/60, లేకపోతే 1/250. సాయంత్రం అదే స్టెబిలైజేషన్ ఉన్నా 1/125 కావాలి. ఇది తెలిశాక నా ఫోటోగ్రఫీలో గాబరా పోయింది. ఆరు నెలలకోసారి మళ్లీ కొలుస్తాను, కళ్లజోడు పవరు చూపించుకున్నట్టే. నంబరు పెరిగితే పెరిగింది, సెట్టింగ్ మార్చుకుంటాను.

ఈ నంబరుని కెమెరాకి కూడా చెప్పాలి. ఇప్పటి కెమెరాల్లో చాలావాటికి ఆటో ఐఎస్ఓ (వెలుతురు తగ్గితే బొమ్మని ఎంత వెలిగించాలో కెమెరాయే చూసుకునేది) మెనూలో "కనీస షట్టర్ స్పీడ్" అని ఒకటుంటుంది. అక్కడ మీ నంబరు పెట్టేస్తే, వెలుతురు తగ్గినా కెమెరా అంతకన్నా కిందికి దిగకుండా ముందు ఐఎస్ఓ పెంచుకుంటుంది. ఆ చీటీ జేబులో పెట్టుకుని తిరగక్కర్లేదు.

అలా ఐఎస్ఓ పెంచితే ఫోటో అంతా నాయిస్ (ఇసక చల్లినట్టు చుక్కలు) వస్తుంది కదా?

వస్తుంది. రానివ్వండి. నాయిస్‌ని తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తుడవొచ్చు, ఇప్పుడు ఆ పని చాలా బాగా చేస్తున్నాయి కూడా. అదిరిన ఫోటోని ఎవరూ బాగుచేయలేరు. ఫిల్ము రోజుల్లో 400 దాటాలంటే భయపడిన తరం మనది. ఆ భయం ఇంకా వదల్లేదు. 3200 పెట్టి ఒక ప్రింటు వేయించుకుని, చెయ్యి చాచి పట్టుకునేంత దూరం నుంచి చూడండి.

స్టెబిలైజేషన్ ఉన్న కెమెరా కొంటే సమస్య తీరిపోతుందా?

సగం తీరుతుంది. ఏ సగమో తెలుసుకోవాలి.

కెమెరా ఎన్ని రకాలుగా కదులుతుందో మీ తలతో చూసుకోండి. అవునన్నట్టు తల ఊపడం ఒకటి. కాదన్నట్టు అడ్డంగా తిప్పడం రెండు. భుజం మీదికి తల వాల్చడం మూడు. ఇవికాక మనిషి మొత్తం పక్కకి జరగడం, పైకీ కిందికీ లేవడం. లెన్స్‌లో ఉండే స్టెబిలైజేషన్ ముఖ్యంగా మొదటి రెండింటినీ చూసుకుంటుంది. లోపలి గైరోస్కోప్ కదలికని పసిగడుతుంది, ఒక గాజు ముక్క ఎదురుగా జరిగి దాన్ని సరిచేస్తుంది. మూడోదాన్ని, అంటే తల వాల్చే కదలికని, లెన్స్ సరిచేయలేదు. గుండ్రటి గాజుని ఎంత తిప్పినా బొమ్మ తిరగదు కదా. దానికి సెన్సరే తిరగాలి. కెమెరా బాడీలో ఉండే ఐదు కదలికల స్టెబిలైజేషన్ చేసేది ఆ పనే. మనలాంటివాళ్లు షట్టర్ బటన్ గట్టిగా నొక్కినప్పుడు కెమెరా కుడివైపుకి వాలుతుంది, సరిగ్గా ఈ మూడో కదలికే. అందుకే నన్నడిగితే లెన్స్‌లో ఉన్నదానికన్నా బాడీలో ఉన్నదే మన చేతులకి మేలు. రెండూ కలిసి పనిచేసే జత దొరికితే మరీ మంచిది.

ఇదేమీ నిన్నటి సంగతి కాదు. నికాన్ 1994లో ఒక చిన్న ఫిల్ము కెమెరాలో పెట్టింది, కానన్ 1995లో 75-300 లెన్స్‌లో పెట్టింది. సెన్సర్‌ని కదిపే డిజిటల్ ఎస్ఎల్ఆర్ 2004లో కొనికా మినోల్టా తెచ్చింది. ఐదు కదలికలదీ ఒలింపస్ 2012లో మొదలుపెట్టింది. కాబట్టి సరికొత్త మోడలే కావాలని లేదు. పదేళ్ల క్రితంనాటి సెకండ్ హ్యాండ్ బాడీ కూడా పనికొస్తుంది.

పెట్టె మీద "5 స్టాప్‌లు", "7 స్టాప్‌లు" అని రాస్తారు. ఒక స్టాప్ అంటే రెట్టింపు సమయం. 1/200 కావాల్సిన చోట నాలుగు స్టాప్‌లు లాభమైతే దాదాపు 1/12తో తీయొచ్చన్నమాట. ఆ అంకె యంత్రం మీద కెమెరాని ఊపి కొలిచింది, మన చేతిమీద కాదు. మన కదలిక పెద్దదైతే సెన్సర్ జరగగలిగిన దూరం అయిపోతుంది, ఇక అది చేతులెత్తేస్తుంది. అందుకే పై పరీక్ష చేయమంటున్నాను. కొట్లో కొనేముందు మీ సొంత కార్డు వేసి అక్కడే పది ఫోటోలు తీసి చూడండి.

ఇంకో మాట. స్టెబిలైజేషన్ మీ చేతిని ఆపుతుంది, పరిగెత్తే మనవణ్ణి ఆపదు. పిల్లల్ని తీయాలంటే 1/250 కింద పనికిరాదు, ఎన్ని స్టాప్‌లు ఉన్నా సరే.

బరువైన కెమెరా కదలకుండా ఉంటుందంటారు. నిజమేనా?

మొదటి రెండు నిమిషాలు నిజం. బరువున్న వస్తువుని సన్నటి వణుకు అంత సులువుగా కదపలేదు. అరచేతిలో ఇమిడిపోయే కెమెరా ఆకులా అల్లాడుతుంది. కానీ కండరం అలిసిపోయిన కొద్దీ వణుకు పెరుగుతుంది. నేను ఒకప్పుడు కిలోన్నర లెన్స్ మీద మోజుపడి కొన్నాను. తీసిన మొదటి పది ఫోటోలు బ్రహ్మాండం, ఆ తర్వాతవన్నీ చెరిపేయాల్సిందే. ఇప్పుడు వాడేది లెన్స్‌తో కలిపి ముప్పావు కిలో. బరువు కన్నా ముందు పట్టు చూడండి. కుడి చేతికి నాలుగు వేళ్లూ చుట్టుకునేంత లోతైన గ్రిప్ ఉందా, చిటికెనవేలు కింద వేలాడుతోందా? చిటికెనవేలికి చోటు లేని కెమెరా చేతికి చాలదు.

పట్టుకునే పద్ధతిలో మార్చుకోవాల్సింది ఏమైనా ఉందా?

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, పైసా ఖర్చు లేని విద్య ఇది.

ఎడమ అరచెయ్యి ఆకాశం వైపు తిప్పి లెన్స్ కింద పెట్టండి, గిన్నె పట్టుకున్నట్టు. కెమెరా బరువంతా ఆ చేతి మీదే. కుడిచెయ్యి ఊరికే తోడు. రెండు మోచేతులూ పక్కటెముకలకి ఆనించండి, గాల్లో రెక్కల్లా ఉండకూడదు. కెమెరాని కనుబొమకి నొక్కి పెట్టండి. వెనకున్న స్క్రీన్ చూసి చేతులు చాచి తీయడం మానేయండి. వణుకున్నవాళ్లకి అంతకన్నా శత్రువు లేదు. కుడికన్ను సరిగా లేకపోతే ఎడమకన్నే వాడండి, ముక్కు నలుగుతుందంతే.

వ్యూఫైండర్ లేని కెమెరా అయితే మెడపట్టీని పొట్టిగా చేసుకుని, కెమెరాని ముందుకి తోస్తూ పట్టీని బిగదీయండి. ఆ బిగువే కెమెరాని పట్టి ఉంచుతుంది.

ఒక కాలు కొంచెం ముందుకి. ఊపిరి మామూలుగా పీల్చి, సగం వదిలి, ఆ విరామంలో నొక్కండి. గుండెలనిండా పీల్చి బిగబట్టడం తప్పు, దానివల్ల ఒళ్లు ఇంకా అదురుతుంది. అయిదారు సెకన్లలో కుదరకపోతే దించేసి మళ్లీ ఎత్తండి. చాలామంది "ఇదిగో ఇదిగో" అనుకుంటూ అర నిమిషం ఎత్తి పట్టుకుంటారు. సరిగ్గా అప్పుడే చెయ్యి మొండికేస్తుంది.

వేలు సంగతి. బటన్‌ని కాలింగ్ బెల్ నొక్కినట్టు పొడవకండి. చూపుడువేలి చివరని బటన్ పక్కనున్న అంచుమీద ఆనించి ఉంచి, వేలి మధ్యభాగాన్ని మెల్లగా బటన్ మీదికి దొర్లించండి. నొక్కాక వెంటనే వేలు ఎత్తొద్దు. ఒక క్షణం అలాగే ఉంచండి. ఈ ఒక్క అలవాటుకే నాకు పదిలో రెండు ఫోటోలు అదనంగా దక్కాయి.

వణుకు ఒక చేతికే ఎక్కువైతే? ఎడమచెయ్యి మంచిదైతే మీ పంట పండినట్టే, బరువు మోసేది అదే కాబట్టి. ఎడమదే ఎక్కువ వణుకుతుంటే మోచేతిని టేబుల్ మీదో, కూర్చుని మోకాలి మీదో ఆనించడం తప్ప దారి లేదు. మోకాటి చిప్ప మీద మోచేతి ఎముక పెట్టకండి, రెండు ఎముకలూ జారతాయి. చిప్ప దాటాక ఉండే మెత్తటి చోట పెట్టండి.

అంతా బాగానే ఉంటుంది, బటన్ నొక్కే క్షణంలోనే చెయ్యి ఎగిరిపోతోంది. ఏం చేయాలి?

చాలామందికి ఇదే అసలు జబ్బు. మూడు మందులున్నాయి.

రెండు సెకన్ల టైమర్ పెట్టండి. నొక్కేశాక చేతులు రెండూ ఖాళీ, కెమెరాని పట్టుకోవడమే పని. కదలని వాటికి ఇంతకు మించింది లేదు.

కదిలేవాటికైతే కంటిన్యువస్ మోడ్‌లో పెట్టి నాలుగైదు ఒకేసారి లాగించండి. మొదటిది నొక్కిన అదురుకీ, చివరిది వేలు తీసిన అదురుకీ పోతాయి. మధ్యవి నిలబడతాయి. లెక్క కూడా మన వైపే ఉంది. పదిలో నాలుగే బాగా వచ్చే స్పీడ్‌లో తీస్తున్నారనుకోండి. ఐదు తీస్తే వాటిలో కనీసం ఒకటి బాగుండే అవకాశం 92 శాతం. మిగతావి చెరిపేసే ఓపిక మాత్రం ఉండాలి. నాకు సాయంత్రాలు అదే కాలక్షేపం.

మూడోది, వేరే చేత్తో నొక్కడం. కేబుల్ రిలీజ్, బ్లూటూత్ రిమోట్, ఫోన్‌లో కెమెరా యాప్ ఏదైనా సరే. ఇంట్లోవాళ్లని నొక్కమన్నా తప్పులేదు. ఫ్రేము మీది, వేలు వాళ్లది.

సగం నొక్కి ఫోకస్ చేయడం కష్టంగా ఉంటే, అంటే సగం అనుకునేలోపే పూర్తిగా పడిపోతుంటే, ఫోకస్‌ని వెనక బటన్‌కి మార్చుకోవచ్చు. నా స్నేహితుడికి అది బాగా కుదిరింది. నా బొటనవేలు చూపుడువేలికన్నా అధ్వాన్నం కాబట్టి నాకు కుదరలేదు. నేను ముఖాన్ని గుర్తుపట్టే ఫోకస్ మీద వదిలేస్తాను.

ట్రైపాడ్ మోసే ఓపిక లేదు. వేరే మార్గం?

మోనోపాడ్. ఒంటికాలి కర్ర. పైకీ కిందికీ కదలడం పూర్తిగా ఆగిపోతుంది, మిగతాది స్టెబిలైజేషన్ చూసుకుంటుంది. కర్రని నిటారుగా కాకుండా మీ రెండు పాదాలతో కలిపి ముక్కాలి పీటలా వచ్చేట్టు కొంచెం ముందుకి ఆనించండి. కాకపోతే దాన్ని నడవడానికి చేతికర్రగా వాడకండి. బిగించిన కీలు జారిందంటే కెమెరాతో పాటు మనమూ పడతాం. చేతికర్రగా పనికొచ్చేట్టే చేసినవి వేరే ఉంటాయి, పైన మర ఉంటుంది.

దానికన్నా చవకైనది తాడు. కెమెరా అడుగున ఉండే పావు అంగుళం మరకి సరిపోయే బోల్టు ఒకటి, దానికి మీ ఎత్తుకన్నా కొంచెం పొడవు తాడు. తాడు చివర కాలికింద తొక్కిపట్టి, కెమెరాని పైకి లాగి పట్టుకోండి. బిగిసిన తాడు కెమెరాని ఎగరనివ్వదు. మడిచి జేబులో వేసుకోవచ్చు. ట్రైపాడ్ పెట్టనివ్వని చోట కూడా దీన్ని ఎవరూ ఆపరు.

గింజలు నింపిన గుడ్డ సంచీ సంగతి చాలామంది చిన్నచూపు చూస్తారు. గోడ మీద, కిటికీ మీద, కారు అద్దం దించి ఆ అంచు మీద వేసి, లెన్స్‌ని అందులోకి నొక్కితే ఏ ట్రైపాడూ దాని ముందు నిలవదు. కారులో అయితే ఇంజన్ ఆపేయండి, లేకపోతే మీ వణుకుకి దాని వణుకు తోడవుతుంది.

ఇవేవీ లేకపోతే గోడ, చెట్టు, స్తంభం. వీపు ఆనించడంకన్నా భుజమూ, ఎడమచేతి వెనకభాగమూ ఆనిస్తే ఎక్కువ పట్టు. నేను ఎక్కడికెళ్లినా ముందు ఫోటో ఎక్కడుందని చూడను, ఆనుకునే చోటెక్కడుందని చూస్తాను.

ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ ఆపేయాలా?

పాత లెన్స్‌లకి ఆపేయాలి, లేని కదలికని వెతుక్కుంటూ అదే బొమ్మని కదుపుతుంది. కొత్తవి చాలావరకు ట్రైపాడ్‌ని గుర్తుపడతాయి. మోనోపాడ్ మీద, సంచీ మీద ఆపొద్దు.

ఫోన్‌తోనే తీస్తాను. నాకేమైనా చెప్తారా?

ఫోన్ తేలిక, పల్చన, పైగా తెర మీద గుండ్రటి బటన్‌ని వేలితో పొడవాలి. మన చేతులకి ఇంతకన్నా చెడ్డ ఏర్పాటు ఉండదు. అదృష్టవశాత్తూ దారులు చాలానే ఉన్నాయి. వాల్యూమ్ బటన్ నొక్కినా ఫోటో పడుతుంది. వైర్ ఉన్న ఇయర్‌ఫోన్ల వాల్యూమ్ బటన్‌తో కూడా చాలా ఫోన్లలో పడుతుంది. కొన్నిటికి మాటతో చెప్పినా, అరచెయ్యి చూపినా చాలు. కొన్ని సెకన్ల టైమర్ దాదాపు అన్నిట్లో ఉంటుంది. ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుని, మోచేతులు కడుపుకి ఆనించండి. కెమెరా పట్టులా ఉండే బ్లూటూత్ గ్రిప్ దొరికితే తీసుకోండి, అందులో నిజంగా నొక్కే బటన్ ఉంటుంది.

రాత్రి మోడ్‌లో ఫోన్ ఒక సెకనో మూడు సెకన్లో తీసుకుంటుంది. ఆ సమయంలో చాలా ఫ్రేములు తీసి, ఒకదానిమీద ఒకటి సర్ది కలుపుతుంది. కాబట్టి కొద్దిపాటి వణుకుని అది ఓర్చుకుంటుంది. అయినా ఫోన్‌ని ఒక గ్లాసుకో పుస్తకానికో ఆనించి, టైమర్ పెట్టి చేతులు తీసేయండి. తేడా మీకే తెలుస్తుంది. రెండు వేళ్లతో జూమ్ మాత్రం చేయకండి. జూమ్ పెరిగిన కొద్దీ వణుకూ పెరుగుతుంది.

పక్షులు, పువ్వులు తీయడం ఇక మానుకోవాల్సిందేనా?

పక్షులు మానక్కర్లేదు. 1/1000, 1/2000లో మీ వణుకు దాదాపు లెక్కలోకి రాదు, ఎగిరే రెక్కకి ఎలాగూ ఆ స్పీడు కావాలి. కష్టమల్లా పిట్టని ఫ్రేములో పట్టి ఉంచడమే. మోనోపాడ్ పెట్టి, జూమ్ వెనక్కి లాగి ముందు పిట్టని దొరకబుచ్చుకుని, అప్పుడు ముందుకి వెళ్లండి. 600 మి.మీ. మోజు వదులుకుని 300 తో దగ్గరికి వెళ్లే ఓపిక తెచ్చుకోండి.

పువ్వులు, పురుగులు దీనికి ఉల్టా. అంత దగ్గర్నుంచి తీసినప్పుడు ఒళ్లు ముందుకీ వెనక్కీ ఊగినా ఫోకస్ తప్పిపోతుంది, దాన్ని ఏ స్టెబిలైజేషనూ సరిచేయదు. మాక్రోకి నేను నిలబడడం మానేశాను. చిన్న ట్రైపాడ్, టైమర్, గాలి ఆగేదాకా ఎదురుచూపు. ఇంట్లో అయితే పువ్వుని టేబుల్ మీద పెట్టి, గది చీకటి చేసి ఫ్లాష్‌తో తీస్తాను. తక్కువ పవర్‌లో ఫ్లాష్ వెలిగి ఆరేది సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సమయం. వెలుగంతా దానిదే అయినప్పుడు చెయ్యి ఎంత వణికినా అంత తక్కువసేపట్లో బొమ్మని చెరపలేదు. ఈ కిటుకు ముఖాలకీ పనిచేస్తుంది, వెలుగుని తిన్నగా కాకుండా పైకప్పు మీదికి కొట్టించండి.

లెన్స్ మార్చడం, కార్డు తీయడం భయంగా ఉంది.

నేను బయట లెన్స్ మార్చడం మానేశాను. ఒకసారి వంతెన మీద నిలబడి మారుస్తుంటే వెనక మూత చేతిలోంచి జారి నీళ్లలో పడింది. పడింది మూత కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచీ ఇంట్లోనే, మంచం మీద తువ్వాలు పరిచి, దానిమీదే మార్చడం. బయటికి వెళ్లేటప్పుడు ఒకే జూమ్, 24 నుంచి 105 వంటిది. చీకటి పనైతే వెలుగుని ఎక్కువ రానిచ్చే ఎఫ్/1.8 ఉన్న 35 మి.మీ. ఒకటి. రెండూ ఎప్పుడూ మోయను.

కార్డు సైజు పెద్దది కొనుక్కుంటే మాటిమాటికీ తీసే పని ఉండదు. మణికట్టు పట్టీ తప్పనిసరి. నొక్కకూడని బటన్ల మీద వేలు పడుతుంటే, చాలా కెమెరాల్లో వాటిని ఏ పనీ లేకుండా ఆపేసే వీలుంది. నేను వీడియో బటన్ ఆపేశాను. అంతకుముందు నా కార్డులో నా చెప్పుల వీడియోలు కోకొల్లలు.

వీడియో?

గింబల్ కొనండి. కెమెరాని మోటార్లతో నిలకడగా పట్టి ఉంచే పిడి అది, ఫోన్‌కైతే తేలికైనవి ఉన్నాయి. సన్నటి వణుకుని అది బాగా మింగేస్తుంది, నడకలో వచ్చే కుదుపుని అంతగా మింగదు. నిలబడి తీయండి.

అదిరిన ఫోటోని సాఫ్ట్‌వేర్‌తో బాగుచేయొచ్చా?

కొంచెం అదిరితే కొంచెం. ఏఐతో చేసే కొత్తవాటితో ముఖాలు స్పష్టంగానే వస్తాయి, కాకపోతే ఆ కనురెప్పల వెంట్రుకలు మీ మనవరాలివి కావు, అది ఊహించి గీసినవి. ఫోటోని చిన్న సైజుకి తగ్గించి చూసుకోవడం దానికన్నా నిజాయితీ గల వైద్యం.

మా నాన్నగారికి చేతులు వణుకుతున్నాయి. ఏ కెమెరా కొనివ్వమంటారు?

కొనేముందు ఆయన పాత కెమెరాలో సెట్టింగులు మార్చి ఇవ్వండి. కనీస షట్టర్ స్పీడ్ 1/250, ఆటో ఐఎస్ఓ 6400 దాకా, కంటిన్యువస్ మోడ్, ముఖం ఫోకస్. అవి అక్కడినుంచి కదలకుండా సేవ్ చేసే చోటుంటే సేవ్ చేయండి. నెలరోజులు వాడనివ్వండి. అప్పటికీ కావాలంటే, బాడీలో స్టెబిలైజేషన్, లోతైన గ్రిప్, వ్యూఫైండర్, ఈ మూడూ ఉన్నది చూడండి. ఆయన అలవాటుపడిన కంపెనీదే అయితే మంచిది. డెబ్బై దాటాక కొత్త మెనూ నేర్చుకోవడం కొత్త భాష నేర్చుకున్నట్టే. ఆయన్ని కూడా కొట్టుకి తీసుకెళ్లండి. చేతులు ఆయనవి.

ఆయన ఎదుట "నేను తీస్తాలే నాన్నా" అని కెమెరా లాక్కోకండి. ఇది సెట్టింగ్ కాదు గానీ రాయాలనిపించింది.

నలుగురిలో కెమెరా ఎత్తాలంటే నామోషీగా ఉంటోంది.

నాకూ ఉండేది. ఎవరో చూస్తున్నారనుకుంటే వణుకు రెట్టింపవుతుంది, ఎసెన్షియల్ ట్రెమర్ లక్షణమే అంత. నేను ముందే చెప్పేస్తాను, "నా చెయ్యి వణుకుతుంది, ఐదారు తీస్తాను, కదలకండి" అని. చెప్పగానే సగం తగ్గుతుంది. పైగా జనం భలేగా నిలబడతారు.

1946లో రాట్నం దగ్గర కూర్చున్న గాంధీ ఫోటో చూడనివాళ్లుండరు. అది తీసిన మార్గరెట్ బర్క్-వైట్‌కి తర్వాత పార్కిన్సన్స్ వచ్చింది. 1959లోనూ 1961లోనూ మెదడుకి శస్త్రచికిత్సలు చేయించుకుంది. దాన్ని దాచుకోలేదు, ఆ ఆపరేషన్ కథని ఫోటోలతో సహా పత్రికలో వేయించింది. అది చదివాక నా నామోషీ నాకే చిన్నదిగా అనిపించింది.

ఎంత చేసినా అదురుతూనే ఉంది. ఇంకేం చేయాలి?

అప్పుడు ఎదురుతిరగండి. సాయంత్రం దీపాలు వెలిగాక షట్టర్ ఒక సెకను పెట్టి, స్టెబిలైజేషన్ ఆపేసి, చెయ్యి దాని ఇష్టానికి వదిలేయండి. ప్రతి దీపమూ ఒక గీత గీస్తుంది. కావాలని కెమెరాని కదిపి తీసే పద్ధతి ఒకటి ఎలాగూ ఉంది. కుర్రవాళ్లు దానికోసం చెయ్యి ఊపడం సాధన చేస్తారు, మనకా శ్రమ లేదు. వీధి మొత్తం దీపాలు ఒకే మెలికలో, ఒకే వంపులో, ఎవరో వరసగా సంతకం చేసుకుంటూ పోయినట్టు వచ్చిన ఫోటో ఒకటి మా ముందు గదిలో పెద్దది చేసి పెట్టాను. చూసినవాళ్లు ఎలా తీశావని అడుగుతారు. నా సంతకం కూడా ఈమధ్య సరిగ్గా అలాగే వస్తోంది, బ్యాంకువాళ్లు మాత్రం ఒప్పుకోవడం లేదు.